అత్తమ్మ ట్యాబ్‌లోకి పెళ్లి డీవీడీ

“డీవీడీని ట్యాబ్‌లో చూడాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మంచిదిరా?” అని మా అబ్బాయిని ఫోన్లో అడిగాను. వాడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. “ఏదో ఒకటి వేస్కో మమ్మీ, అన్నీ ఒకటే” అన్నాడు. అన్నీ ఒకటే కావని తెలుసుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. మధ్యలో ఒకసారి మా అత్తమ్మ కళ్లలో నీళ్లు కూడా చూడాల్సి వచ్చింది. మీ బీరువాల్లోనూ పెళ్లి డీవీడీలు ఉండే ఉంటాయి కదా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఓపిక చేసుకుని చదవండి.

మా ఆడబిడ్డ పెళ్లి 2009లో, ఇక్కడే మిర్యాలగూడలో అయింది. అల్లుడు వాళ్లది కోదాడ. పెళ్లి వీడియో రెండు డీవీడీలు వచ్చాయి. మా మామయ్య రైసు మిల్లులో గుమస్తాగా ముప్పై ఏళ్లు చేశారు. మా ఊరి పేరు చెబితే ఎవరికైనా ముందు మిల్లులే కదా గుర్తొచ్చేది! ఆ తవుడు దుమ్ముకో ఏమో, ఆయన గొంతు ఎప్పుడూ కొంచెం బొంగురుగా ఉండేది. మాటలు కూడా తక్కువే. 2012లో పోయారు. అప్పటికి మా ఇంట్లో వీడియో తీసే ఫోన్ లేదు. ఫొటోలైతే గోడ మీద రెండు, ఆల్బమ్‌లో పాతిక దాకా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ పెళ్లి డీవీడీలో ఒక్క చోటే ఉంది.

ఒక్క చోటే ఎందుకంటారా? ఆ రోజుల్లో పెళ్లి వీడియోలు ఎలా ఉండేవో మీకు తెలుసు. ప్రధానం దగ్గర ఒక సినిమా పాట, తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఏడుపు పాట. మనుషులు పెదవులు కదుపుతుంటారు, వెనక గాయకులు పాడుతుంటారు. మామయ్య అంత సేపు తెర మీద తిరిగినా ఒక్క మాట వినపడదు. భోజనాల వీడియోను మాత్రం వీడియో ఆయన పాటలు కలపకుండా విడిగా పెట్టాడు. అందులో రెండో బంతి నడుస్తుండగా మామయ్య వడ్డించేవాళ్లతో, “అరే, ఆ చివర ముసలాయనకు పెరుగు రాలే, చూడుండ్రి” అంటారు. తర్వాత కెమెరా వైపు తిరిగి, “నన్నెందుకు తీస్తవయ్యా, నువ్వు తిన్నవా?” అంటారు. మొత్తం పదకొండు సెకన్లు. మా ఇంట్లో ఆయన గొంతు అంతే మిగిలింది.

డీవీడీ ప్లేయర్ పాడై రెండేళ్లయింది. అత్తమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయినా, దూరంగా ఉన్న టీవీలో ముఖాలు సరిగా ఆనవు. ఈ సంక్రాంతికి ఆడబిడ్డ ఒక ట్యాబ్ కొనిచ్చింది. చాటను పట్టుకున్నట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుని భజనలు చూసుకుంటుంది. ఒకరోజు నన్ను పిలిచి, “దీంట్ల మీ మామను పెట్టియ్యరాదు, బిడ్డా?” అని అడిగింది.

మొదట నేనూ అందరిలాగే షాపులో ఇచ్చేశాను. డిస్కుకు రెండు వందలు. సాయంత్రానికల్లా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. ఇంటికి తెచ్చి ట్యాబ్‌లో పెట్టాను. బొమ్మ అడ్డంగా సాగిపోయి పెళ్లికూతురుతో సహా అందరూ లావెక్కినట్టు ఉన్నారు. సరేలే అనుకున్నాం. అత్తమ్మ మధ్యాహ్నం నిద్ర కూడా మానుకుని రెండు గంటల పైన చూసింది. అయిపోయాక ట్యాబ్ పక్కన పెట్టి, “మీ మామ రాలే” అంది. కళ్లు తుడుచుకుంది. భోజనాల వీడియో అందులో లేనే లేదు! షాపుకెళ్లి అడిగితే, “మెయిన్ వీడియో మొత్తం వచ్చింది కదమ్మా” అన్నారు. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. ఆ డిస్కులో మాకు కావాల్సింది మెయిన్ వీడియో కాదని వాళ్లకెలా తెలుస్తుంది?

అప్పుడు నేనే చేద్దామని కూర్చున్నాను. మా పాత ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటు లేదు. ఈ మధ్య వచ్చేవాటిలో దాదాపు ఉండటం లేదు కూడా. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ పదమూడు వందలకు వచ్చింది. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, అంటే 2012 నుంచి, కంప్యూటర్లో డీవీడీ సినిమా ఆడించే సౌకర్యాన్ని విండోస్‌లోంచి తీసేశారు. అందుకని వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకోవాలి. అందులో ప్లేబ్యాక్ అనే చోట టైటిల్ అని ఉంటుంది. నొక్కితే డిస్కులో ఎన్ని వీడియోలు ఉన్నాయో తెలుస్తుంది. మా మొదటి డిస్కులో రెండు టైటిళ్లు కనిపించాయి. ఒకటి రెండు గంటల పది నిమిషాల పెళ్లి, రెండోది ముప్పై ఎనిమిది నిమిషాల భోజనాలు. షాపులో పెద్దదాన్ని తీసుకుని చిన్నదాన్ని వదిలేశారని అప్పుడు అర్థమైంది.

ఇక సాఫ్ట్‌వేర్ల సంగతి. వెతికితే ముందు వరుసలో వచ్చేవన్నీ ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసుకున్నవే. వాటి పేర్లెందుకు గానీ, నేను వేసి చూసిన మొదటిది ఐదు నిమిషాల వీడియో చేసి ఆగిపోయింది. ఆ ఐదు నిమిషాల్లోనూ పెళ్లి పందిరి మధ్యలో దాని పేరు అచ్చు గుద్దినట్టు కనిపిస్తోంది. పేరు పోవాలన్నా, మిగతాది రావాలన్నా డబ్బు కట్టాలట. సగం ధర ఈ ఒక్క రోజే అని గడియారం తిరుగుతూ ఉంటుంది. మర్నాడు తెరిచినా అదే గడియారం, అదే సగం ధర. చీరల షాపులో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు మనం!

రెండోది మొత్తం వీడియో చేసింది. కానీ అడగకుండానే పెద్ద టైటిల్ ఒక్కటే తీసుకుంది, షాపులో జరిగినట్టే. పైగా ఏఐతో బొమ్మ మెరుగు చేస్తానంది. చేసింది కూడా. మామయ్య బుగ్గ మీద అమ్మవారు పోసిన మచ్చలుండేవి. అవన్నీ మాయమై, ముఖం మైనపు బొమ్మలా తయారైంది. అత్తమ్మకు చూపించలేదు. చూపించే ధైర్యం రాలేదు.

మూడోది హ్యాండ్‌బ్రేక్. ఎరిక్ పెటిట్ అనే ఆయన 2003లో మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎంతోమంది కలిసి పెంచారు. 1.0 అనే నంబరు పెట్టుకోవడానికే దానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. ఓపెన్ సోర్స్ కాబట్టి పూర్తిగా ఉచితం, వీడియో మీద పేరు వేయదు, ఐదు నిమిషాలకు ఆగదు. ఒక్కటే ఇబ్బంది. తెరవగానే బటన్లూ గడులూ చూసి కళ్లు తిరుగుతాయి. నేను బీఏ తెలుగు చదివినదాన్ని. ఛందస్సు గణాలు నేర్చుకున్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. రెండు సాయంత్రాలు కూర్చుంటే తెలిసిందేమిటంటే, వాటిలో మనకు కావాల్సినవి నాలుగే.

మొదటిది టైటిల్. పైన ఒక గడిలో డిస్కులోని వీడియోలన్నీ నిమిషాలతో సహా జాబితాగా ఉంటాయి. ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు. రెండోది కొలత. మన దేశపు డీవీడీల్లో బొమ్మకు 576 గీతలుంటాయి. అందుకని ఫాస్ట్ 576పీ25 అని ఉన్నది ఎంచుకుంటే చాలు. 1080 అని పెట్టుకున్నా లేని వివరం రాదు. పావు కిలో పప్పును పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన ఎక్కువవుతుందా? బొమ్మ ఆకారం దాన్నే చూసుకోనివ్వండి. పాత వీడియోలకు ట్యాబ్‌లో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. అవి పోవాలని సాగదీస్తేనే మనుషులు లావెక్కేది.

మూడోది గీతలు కలపడం. పాత కెమెరాలు బొమ్మను సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసేవి. పాత టీవీలో అది తెలిసేది కాదు. ట్యాబ్‌లో మాత్రం ఎవరైనా చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఫిల్టర్స్ అనే చోట డీఇంటర్‌లేస్ అనేది పెడితే ఆ దువ్వెన పోతుంది. నాలుగోది నాణ్యత. ఆర్‌ఎఫ్ అనే అంకె ఎంత తగ్గిస్తే బొమ్మ అంత బాగుంటుంది, ఫైలు అంత పెద్దదవుతుంది. డీవీడీలకు 18 నుంచి 22 మధ్య పెట్టుకొమ్మని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెబుతారు. నేను 20 పెట్టాను. మొదటి డిస్కు నాలుగు జీబీల పైన ఉంటే రెండు జీబీల లోపు వచ్చింది. ఎంపీ4, హెచ్.264 అనే రకంలో చేస్తే ఎంత పాత ట్యాబ్ అయినా ఆడుతుంది. ఇంకా కొత్త రకాలు ఫైలును చిన్నది చేస్తాయి గానీ, పాత ట్యాబ్‌లో ఆగి ఆగి నడుస్తాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉచితమైనది కదా అని ఎక్కడ పడితే అక్కడ దించుకోకండి. 2017 మేలో మ్యాక్ కంప్యూటర్ల కోసం ఉంచిన హ్యాండ్‌బ్రేక్ ఫైలునే ఒక సర్వర్‌లో ఎవరో మార్చేసి, అందులో దొంగ ప్రోగ్రామ్ పెట్టారు. కొద్ది రోజుల్లోనే వాళ్లు కనిపెట్టి అందరికీ చెప్పారనుకోండి. అయినా అసలు సైటు వదిలి వేరే చోట నుంచి తెచ్చుకోవడం మంచిది కాదు.

ఇంతకీ నా అభిప్రాయం ఏమిటంటే, ఇంటి డీవీడీల కోసం సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఏది మంచిదో తేల్చుకునే ముందు ఆ డిస్కులో మనం పోగొట్టుకోకూడనిది ఏమిటో తేల్చుకోవాలి. మా ఇంట్లో ఆ పదకొండు సెకన్లు. మీ ఇంట్లో నాయనమ్మ పాడిన మంగళహారతి కావచ్చు, ఇప్పుడు పెద్దదైన పాప తప్పటడుగులు కావచ్చు. ఆ చోటు ఏ టైటిల్‌లో ఎన్నో నిమిషంలో ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. హ్యాండ్‌బ్రేక్‌లో మొత్తం కాకుండా ఇన్నో సెకను నుంచి ఇన్నో సెకను దాకా అని కొంచెమే చేసి చూడొచ్చు. ముందు ఆ ముక్క చేసి, ట్యాబ్‌లో వేసి, చూడబోయే మనిషికే చూపించండి. ఆమె సరే అంటే అదే మంచి సాఫ్ట్‌వేర్. ఎవరో ఇచ్చిన ఐదు నక్షత్రాలను నమ్మి నేను రెండుసార్లు మోసపోయాను.

అందుకే ఈ పని ఇంట్లో మగపిల్లల మీదికి నెట్టడం నాకు నచ్చదు. వాళ్లకు కంప్యూటర్ మనకన్నా బాగానే తెలుసు. ఆ డిస్కులో ఎవరున్నారో, ఎవరు ఎక్కడ మాట్లాడారో మనకు తెలుసు. మా అబ్బాయికి తాత పోయేనాటికి ఏడేళ్లు. వాడి దృష్టిలో అది పాత పెళ్లి వీడియో, అంతే. మా ఆయనైతే, “ఎప్పుడన్నా తీరికగా చేద్దాంలే” అని మూడేళ్లుగా అంటున్నారు. ఆవకాయ జాడీకి తడి తగలకుండా ఏడాదంతా కాపాడేది మనమే. పిల్లల సర్టిఫికెట్లు ఏ అరలో ఉన్నాయో చెప్పేదీ మనమే. వీటిని మాత్రం వేరేవాళ్ల తీరిక కోసం ఎందుకు వదిలేస్తాం?

తీరిక దొరికేదాకా డిస్కులు ఆగవు మరి. షాపులో కొన్న సినిమా డిస్కును అచ్చు వేస్తారు. పెళ్లి వీడియో డిస్కు అలా కాదు, దానిలో ఒక రంగు పొర ఉంటుంది, దాని మీద లేజర్‌తో రాస్తారు. ఎండకూ వేడికీ ఆ పొర పాడవుతుంది. మా వేసవి సంగతి మీకు చెప్పాలా! ఆ బీరువా ఉన్నది పడమటి గోడకు. అప్పగింతలున్న రెండో డిస్కు పెడితే డ్రైవ్ గిర్రున తిరిగి, కాసేపటికి ఏమీ లేదంది. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచాను, గుండ్రంగా తుడవకూడదు. అయినా లాభం లేకపోయింది. వెలుతురుకు పెట్టి చూస్తే అంచున రంగు వెలిసిపోయి ఉంది.

అత్తమ్మే ఉపాయం చెప్పింది. “అల్లునోళ్లకు గూడ ఒక జత ఇచ్చిన్రు గద” అంది. నిజమే, అప్పుడు రెండు వైపులా ఇచ్చేవాళ్లు. ఆడబిడ్డకు ఫోన్ చేస్తే, కోదాడలో వాళ్ల అత్తగారి ట్రంకు పెట్టెలో పట్టుచీరల మధ్య ఉన్నాయంది. బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాను. వాళ్ల డిస్కు చివరి ఐదారు నిమిషాలు తప్ప అంతా చదివింది. మీ డిస్కు పోయిందని దిగులు పడేముందు వియ్యాలవారి ఇంట్లో ఒకసారి అడగండి.

ఇంకో మాట. చిన్న ఫైలు చేయగానే డిస్కు పని అయిపోయిందనుకోకండి. చేసేటప్పుడు బొమ్మ ఎంతో కొంత తగ్గుతుంది, అది మళ్లీ రాదు. ముందు డిస్కులో ఉన్న వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఒక హార్డ్ డిస్కులో దాచండి. ఇంటి వీడియోలకు తాళాలుండవు కాబట్టి మామూలుగానే కాపీ అవుతుంది. తర్వాత హ్యాండ్‌బ్రేక్‌కు ఆ ఫోల్డర్‌నే చూపించవచ్చు, డిస్కును పదే పదే తిప్పనక్కర్లేదు. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన మెమరీ కార్డులు నాలుగు జీబీలకు మించిన ఫైలును తీసుకోవు, అదీ గుర్తుంచుకోండి.

సినిమా డీవీడీల సంగతి వేరు. మోజర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మిన రోజుల్లో మేమూ డబ్బా నిండా కొన్నాం. ఆ కంపెనీయే 2018లో లిక్విడేషన్‌కు వెళ్లిపోయింది. సినిమా డిస్కుల్లో చాలావాటికి తాళం వేసి ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను దాన్ని తీయదు. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ సెక్షన్ పెట్టారు. వాటితో పెట్టుకోకండి. పాత సినిమా ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతుంది. మన ఇంటి పెళ్లి ఇంకెక్కడా దొరకదు.

డబ్బు కట్టి కొనేవాటితో తేలిక కదా అని మా చెల్లెలు వాదించింది. యాభై అరవై డిస్కులుండి, ఈ గడులన్నీ చూసే ఓపిక లేనివాళ్లు కొనుక్కుంటే నేను కాదనను. కొనే ముందు టైటిల్ ఎంచుకోనిస్తుందా లేదా చూసుకోండి, చాలు. పాత వీడియో క్యాసెట్లున్నవాళ్లు మాత్రం షాపుకే వెళ్లాలి, దానికి క్యాసెట్ ఆడించే మిషన్ కావాలి. వెళ్లేటప్పుడు ఏ ముక్క తప్పక రావాలో కాగితం మీద రాసివ్వండి. నేను ఆ రోజు అలా రాసిచ్చి ఉంటే షాపువాళ్లే చేసిచ్చేవాళ్లేమో.

పోయిన శనివారం రాత్రి భోజనాల టైటిల్ పెట్టి పడుకున్నాను. పొద్దున్నే ట్యాబ్‌లో వేసి అత్తమ్మకు ఇచ్చాను. రెండో బంతి వచ్చింది. “నువ్వు తిన్నవా?” అన్న మాట వినగానే ఆమె నవ్వింది. “ఎవరొచ్చినా ముందు గదే అడుగుతుండె” అంది. మళ్లీ పెట్టమంది. వెనక్కి ఎలా జరపాలో వేలు పట్టుకుని చూపించాను. ఇప్పుడు తనే జరుపుకుంటోంది. నిన్న పక్కింటి వదిన వాళ్ల డీవీడీలు రెండు సంచిలో వేసుకొచ్చింది. ముందు కూర్చోబెట్టి, వాటిలో ఎవరి కోసం చూడాలో అడిగి రాసుకున్నాను.